కుప్పం వైపు పన్నెండు డెసిబెల్లు

గొంతు ఒక్క రోజులో పోదు. ఆయన గొంతు పోవడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ రోజూ పొద్దున్నే దాన్ని చెవికి ఆనించుకుని విన్నవాణ్ణి నేను. అంత దగ్గరగా, అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. విని ఏం చేశాను? లైను సరిచేశాను.

నేను చేసే పని ఏమిటో మా ఇంట్లోవాళ్ళకే సరిగ్గా తెలియదు. టీవీ పాడైతే నన్ను పిలుస్తారు. అది నా పని కాదంటే, మరి నీకు వచ్చిందేమిటని నవ్వుతారు. ఒక పాల కంపెనీకి మదనపల్లెలో పెద్దాఫీసు, పుంగనూరులోనూ కుప్పంలోనూ పాలు చల్లబరిచే కేంద్రాలు ఉన్నాయి. మూడింటినీ కలుపుతూ వాళ్ళకు సొంత టెలిఫోన్ లైను ఉంది. దాన్ని చూసుకునే కాంట్రాక్టు ఇంకో చిన్న కంపెనీది. ఆ చిన్న కంపెనీలో నేను జీతగాణ్ణి. మా నాయన కలికిరి దగ్గర ఒక రైతు ఇంట్లో జీతమున్నాడు. అమ్మ మిషన్ స్కూలు వంటింట్లో గిన్నెలు తోమింది, ఆ పుణ్యాన నేను అదే స్కూల్లో చదివాను. "మీ నాయన ఏడాది జీతగాడు, నువ్వు నెల జీతగాడివి, అంతే కదరా తేడా" అని అమ్మ ఎగతాళి చేసేది.

చేతికో సెల్లున్న కాలంలో ఇంకా ఈ రాగి తీగెల లైనేమిటని అందరూ అడుగుతారు. నేనూ అడిగాను. ఆఫీసులో ఉన్న ఎక్స్‌చేంజి పెట్టె పాతది. దానికి ఈ లైను తప్ప ఇంకోటి అరగదు. కొత్తది కొంటామని నేను చేరిన రోజు చెప్పారు, ఇప్పటికీ అదే చెబుతున్నారు.

ఆ గొంతు పోయిన ఆయన ఇదే పనిలో కుప్పం కొసన ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మా పనిలో ఊరే పేరు. ఆయనకు నేను మదనపల్లెప్పను, నాకు ఆయన కుప్పమన్న. నాలుగేళ్ళలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నది మూడుసార్లు మించదు. అయినా నా పెళ్ళాం పిల్లల తర్వాత నేను ఎక్కువ మాట్లాడిన మనిషి ఆయనే. మా ఇద్దరిదీ ఒకే మతం, ఒకే రకం ఇల్లు. ఆయన తల్లిదండ్రులూ కూలికి పోయినవాళ్ళే, ఆ ఇంట్లో మొదటి నెల జీతం ఆయనది. కుప్పంలో వాళ్ళ చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆయనే. ఆయన ఎత్తుకుంటే తప్ప మిగతావాళ్ళు నోరు తెరవరని గర్వంగా చెప్పుకునేవాడు. ఆ మాట ఆయనే చెప్పుకున్నాడని నేను వెక్కిరించేవాణ్ణి.

చేరిన మొదటి వారంలోనే నేను ఒక ఘనకార్యం చేశాను. డిజిటల్ లైనులో పోయేది గొంతు కాదు, గొంతును కొలిచి రాసిన ఒకట్లూ సున్నాలూ. ఒకటి అంటే తీగెలో ఒక చిన్న కుదుపు. సున్నా అంటే ఏమీ లేకపోవడం. సున్నాలు వరసగా ఎక్కువైపోతే, ఎన్ని పోయాయో అవతలి పెట్టె లెక్క తప్పుతుంది. అందుకని నాలుగు సున్నాలు వరసగా వచ్చిన చోట కావాలని ఒక దొంగ కుదుపు కలిపి పంపే పద్ధతి ఉంది. అది దొంగదని అవతలి పెట్టెకు ముందే తెలిసి ఉండాలి, అప్పుడే తీసి పారేస్తుంది. దీన్నే లైను కోడింగు అంటాం. రెండు కొసల్లోనూ ఒకే కోడింగు పెట్టాలి. పుంగనూరు పెట్టెలో లైను కార్డు మార్చి, నేను దొంగ కుదుపులు లేని పాత పద్ధతి పెట్టి వచ్చాను. పచ్చ లైటు వెలిగింది. పని అయిపోయిందనుకుని పుంగనూరు బస్టాండులో దోసె తిన్నాను. మదనపల్లె చేరేసరికి ఫోనులో మాటల మధ్య అటుకులు వేయించినట్టు చిటపటలు.

కేబుల్ చూశాను, కరెంటు చూశాను, కార్డు మళ్ళీ మార్చాను. సాయంత్రం దాకా నా తంటాలు విని, కుప్పం నుంచి ఆయన మెల్లగా అన్నాడు.

"మదనపల్లెప్పా, కోపం సేసుకోవద్దు. ఆడ పుంగనూరులో పాత కోడింగు పెట్టినట్టుండావు సూడు."

"ఎట్ల కనుక్కుంటివన్నా?"

"సిటపట అనేది మనం మాట్లాడేటప్పుడు గాదప్పా, మాట ఆపినప్పుడు సూడు, ఆడ అంటాండాది. మాట ఆగితే పోయేది సున్నాలే గదా."

ఆ మర్నాడు పై ఆఫీసరు ఫోను చేసి ఎవరి తప్పని అడిగితే, కార్డు పాతదై ఇబ్బంది పెట్టిందని ఆయన చెప్పాడు. నా ఉద్యోగం వారం రోజులది. ఆయన నిజం చెప్పి ఉంటే ఎనిమిదో రోజు ఉండేది కాదు.

లైను బలం సంగతి కూడా ఆయనే నేర్పాడు. తీగె ఎంత దూరం పోతుందో చూసి, ఇవతల ఆ కుదుపును ఎంత గట్టిగా పంపాలో, అవతల ఎంత చెవి రిక్కించి వినాలో పెట్టెకు చెప్పాలి. దగ్గరి తీగెకు ఎక్కువ బలం పెడితే కుదుపు అరుపైపోతుంది, దూరం తీగెకు తక్కువ పెడితే గొణుగుడైపోతుంది. లైను నీరసపడినప్పుడల్లా నాకు బలం ఒక మెట్టు పెంచాలని చెయ్యి దురద పెట్టేది. ఆయన ఒప్పుకునేవాడు కాదు. "బలం పెంచితే రోగం దాక్కుంటాదప్పా. యాల బలం తగ్గిందో సూడు ముందు. యాడో జాయింటు కుళ్ళుంటాది" అనేవాడు. ఈ మాట నేను కనీసం ముప్పైసార్లు విన్నాను.

రోజూ పొద్దున ఏడింటికి, పాలలారీలు వచ్చి ఆఫీసు మేలుకునే లోపల, మేము లైను పరీక్ష చేసేవాళ్ళం. ఒక్క లైనులో ముప్పై మాటలు ఒకేసారి పోతాయి. ఒక్కోదాన్ని చానెలు అంటాం. ముప్పైనీ రోజూ చూడమని ఎవరూ చెప్పలేదు, అది ఆయన పెట్టుకున్న నియమం. ఒక్కో చానెలు తెరిచి ఆయన అవతల అంకె చెబుతాడు. ఇవతల నేను విని "బాగుందన్నా" అనాలి. నేను అంటేనే ఆయన పుస్తకంలో టిక్కు పెడతాడు. కుప్పం మనిషి కదా, మూడు రాష్ట్రాల నీళ్ళు తాగినవాడు. పది దాకా తెలుగులో లెక్కపెట్టి, పదకొండు నుంచి అరవంలోకి దిగి పదినొన్ను, పన్నిరెండు అంటూ పోయి, ఇరవై ఒకటి నుంచి కన్నడం ఎత్తుకునేవాడు. ముప్పై వచ్చేసరికి "మూవత్తు" అని సాగదీసి, ఆ సాగదీతలోనే ఆదివారం పాడబోయే పాట రాగం కొంచెం వినిపించి ఫోను పెట్టేసేవాడు. పెద్ద గొంతు. రిసీవరు చెవికి కాస్త దూరంగా పట్టుకోవాల్సి వచ్చేది.

నాలుగో ఏడు వానాకాలంలో ఒకరోజు రిసీవరు చెవికి ఆనించి పట్టుకున్నాను. ఎప్పటి నుంచి అలా పట్టుకుంటున్నానో గుర్తులేదు. ఆ రోజు గమనించాను, అంతే.

"అన్నా, కొంచెం సన్నంగా వస్తాండాది."

"అట్లనా? నేను మామూలుగానే మాట్లాడతాండానే."

మామూలుగానే మాట్లాడుతున్నానని ఆయనన్నాడు. నేను నమ్మాను. మనిషి మామూలుగా ఉన్నాడంటే ఇక మిగిలింది లైనే. దానికి తోడు ఆ వారమే పుంగనూరు రోడ్డు పక్కన జాయింటు పెట్టెలోకి వాననీళ్ళు పోయి, అంకెలు తప్పి తెర మీద ఎర్రర్లు పడుతున్నాయి. దొంగ దొరికాడనుకున్నాను. జాయింటు విప్పి, ఆరబెట్టి, కొత్తగా అతికి, మైనం పోసి వచ్చాను. ఎర్రర్ల లెక్క సున్నాకు దిగింది. మర్నాడు పరీక్ష చేస్తే గొంతు అంతే సన్నంగా ఉంది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే నా తప్పు ఎంతటిదో అర్థం కాదు. పాతకాలం లైనులో దూరం పెరిగేకొద్దీ గొంతు సన్నబడేది. డిజిటల్ లైనులో గొంతు సన్నబడదు. అంకెలు చేరితే గొంతు ఉన్నదున్నట్టు వస్తుంది, చేరకపోతే ముక్కలవుతుంది, తెగుతుంది, చిటపటలాడుతుంది. నీరసపడి మాత్రం రాదు. ఎర్రర్లు సున్నా అని తెర మీద కనబడుతుంటే, వస్తున్న గొంతు సన్నంగా ఉంటే, అవతల మాట్లాడే మనిషి గొంతే సన్నబడిందని అర్థం. ఇది డిప్లొమా మొదటి ఏడాది పాఠం. పరీక్షలో ఈ ప్రశ్నకు నేను జవాబు రాశాను, మార్కులూ వచ్చాయి.

తెలిసీ నేను చేసిన పని ఇది. మా పెట్టెలో లైను బలం కాకుండా, చెవికి వినబడే శబ్దాన్ని పెంచే ఏర్పాటు వేరే ఉంది. దాన్ని గెయిన్ అంటాం, డెసిబెల్లలో పెడతాం. కుప్పం వైపు నుంచి వచ్చేదానికి అది సున్నాలో ఉండేది. మూడు పెట్టాను.

"ఇప్పుడు మాట్లాడన్నా."

"ఒకటి."

"ఆ, ఇప్పుడు బాగుందన్నా."

"బాగుందా? ఏం సేసినావు?"

"ఏమీ లేదన్నా, ఈడ సిన్న సెట్టింగు."

ఆయనకు నిజంగానే సంతోషమైంది. ఆ సంతోషం నాకు వినిపించింది కూడా. అప్పుడు దాన్ని నా పనితనానికి దక్కిన మెచ్చుకోలు అనుకున్నాను.

నెలా నెలన్నర గడిచాక మళ్ళీ సన్నబడింది. ఆరు పెట్టాను. ఆ తర్వాత తొమ్మిది. ప్రతిసారీ కారణం ఒకటి కల్పించుకున్నాను. ఒకసారి కుప్పం కార్డు అన్నాను, ఒకసారి ఫోనులో మైకు దుమ్ము పట్టిందన్నాను, ఒకసారి చలి అన్నాను. చలికీ డెసిబెలుకీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలియదు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డికోసమన్నట్టుంది నా సంగతి. ఇంకో విచిత్రం చెబుతాను. కుప్పంలో ఆయన బల్ల పక్క గదిలోనే పాలు చల్లబరిచే యంత్రం ఉంటుంది. నేను గెయిన్ పెంచేకొద్దీ దాని రొద పెరుగుతూ వచ్చింది. తొమ్మిది పెట్టాక లారీ పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టుంది.

"ఆ మిషను యాలన్నా అట్ల అరుస్తాండాది? రిపేరుకొచ్చిందా?"

"లేదే, ఎప్పటి మాదిరే ఉండాది."

"ఆ తలుపన్నా మూయన్నా."

ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు. లేచి నడిచి వచ్చినందుకే కొంచెం ఆయాసపడ్డాడు. అదీ విన్నాను. యంత్రం రొద మూడింతలై, మనిషి గొంతు ఉన్నచోటే ఉందంటే ఏమిటని చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. నేను తలుపు మూయించాను.

అరవం లెక్క కూడా మధ్యలో ఎప్పుడో మానేశాడు. కన్నడమూ మానేశాడు. ముప్పై చానెళ్ళకూ తెలుగే, అదీ పొడిపొడిగా. రాగం తీయడం లేదేమని అడిగితే, వయసైపోతోంది కదా అన్నాడు. మేమిద్దరం నవ్వుకున్నాం.

చివరికి కొత్త ఫోను ఒకటి సంచిలో వేసుకుని నేనే కుప్పం పోయాను. పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో నాలుగు గంటలు. ఆయన మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు, బయట ఎండ మండిపోతోంది. చిక్కిపోయాడు. గొంతు బొంగురుగా, గాలి ఎక్కువ, మాట తక్కువగా ఉంది. ఎదురుగా రెండడుగుల దూరంలో కూర్చుని విన్నాను. మధ్యలో లైనూ లేదు, పెట్టే లేదు.

"గొంతు పట్టేసిందా అన్నా?"

"ఈడ గ్రానైటు దుమ్ము కదప్పా. ఊరు ఊరంతా దగ్గతాండాది."

మధ్యాహ్నం ఇద్దరం క్యారియర్లు విప్పాం. ఆయన సంగటి ముట్టలేదు. మజ్జిగన్నం పల్చగా కలుపుకుని, ఒక్కో ముద్దకూ కళ్ళు మూసుకుని మింగాడు. సగం వదిలేశాడు. అన్నం వదిలే మనిషి కాదాయన, కూలింటి పిల్లలెవరూ వదలరు. నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూ, కొత్త ఫోను తీగె ఎటునుంచి లాగాలా అని ఆలోచిస్తున్నాను. అంగడికి పోయి గొంతుబిళ్ళలు ఒక పొట్లం కొనిచ్చి, పెద్ద ఉపకారం చేసినవాడిలా బస్సెక్కాను.

మర్నాడు పొద్దున పరీక్షలో కొత్త ఫోను పాతదానికంటే ఏమీ మెరుగు లేదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద? ఫోను మీద. నాలుగు గంటలు పోనూ, నాలుగు గంటలు రానూ పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని. పన్నెండు పెట్టాను. మా పెట్టెలో గెయిన్ పద్నాలుగు దాకా పోతుంది. ఇంకా రెండు మిగిలాయి కదా అనుకున్నాను.

"కొత్త సెట్టు ఎట్లుండాదప్పా? ఇనిపిస్తాండానా?"

"గంట మాదిరి ఉండావన్నా."

ఆ తర్వాత ఒక సోమవారం కుప్పం నుంచి ఫోను రాలేదు. ఏడయింది, ఏడుంపావయింది. నేనే చేశాను. ఎత్తింది ఆయన కాదు, ఆ కేంద్రంలో పాల లెక్కలు రాసే ఆవిడ. "హలో సార్!" అంది.

చెవిలో పిడుగు పడ్డట్టయింది. రిసీవరు చేతిలోంచి జారి బల్ల మీద పడింది. బల్ల మీద నుంచి కూడా ఆవిడ మాటలు గది అంతటా వినబడుతున్నాయి. ఆవిడ అరవలేదు, మామూలుగా మాట్లాడుతోంది. అవే తీగెలు, అదే కార్డు, అదే కొత్త ఫోను, అవే పన్నెండు డెసిబెల్లు.

"సార్ వేలూరు పోయినాడు సార్. గొంతులో ఏందో గడ్డంట. ఆపరేషనంట. లైను పరీక్ష నన్ను సేయమన్యాడు. ఒకటి చెప్పేదా సార్?"

నేను తెర ముందు కూర్చుని పన్నెండును తొమ్మిది చేశాను. తొమ్మిదిని ఆరు, ఆరును మూడు, మూడును సున్నా. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఆవిడ గొంతు మనిషి గొంతులా మారింది. సున్నా దగ్గర చక్కగా, స్పష్టంగా, కొత్త నాణెంలా వినిపించింది. లైనుకు ఏ రోగమూ లేదు. ఆ తడిసిన జాయింటు అతికినాక ఏనాడూ లేదు. ఆ నాలుగు మెట్లలో ఒక్కోదానికీ నెలా రెండు నెలలు. ప్రతి మెట్టు దగ్గరా నేను ఒక్కమాట, "అన్నా, లైను బాగుంది, నీ గొంతు బాగలేదు, డాక్టరుకు చూపించుకో" అని ఉంటే చాలు. ఆ మాట ఎర్రర్ల లెక్క రోజూ నాకు చెబుతూనే ఉంది.

"బాగుందా సార్?" అని ఆవిడ అడిగింది.

నెల తర్వాత కుప్పం పోయాను. ఈసారి ఆఫీసుకు కాదు, వాళ్ళింటికి. చేసినదంతా ఆయనకు చెప్పేద్దామని పోయాను. బస్సులో ఆ మాటలు ఒకటికి పదిసార్లు కూడబలుక్కున్నాను. చెబితే ఏమవుతుంది, ఆయన తిడతాడు, తిట్టడానికి గొంతు లేదు అని అంతలోనే గుర్తుకొచ్చి పలమనేరు దగ్గర బస్సు దిగిపోవాలనిపించింది.

స్వరపేటిక తీసేశారు. మెడ మధ్యలో రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. ఆ గుడ్డ ఊపిరికి కొద్దిగా కదులుతోంది. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు, నవ్వాడు. ఒళ్ళో పిల్లలు రాసుకునే నోటుబుక్కు ఒకటి, పెన్ను ఒకటి ఉన్నాయి. ఏదో రాసి నాకు చూపించాడు. "భోంచేసి పో" అని ఉంది.

ఆయన భార్యను నేను చూడ్డం అదే మొదలు. చేను పనులతో కాయలు కాచిన చేతులు. ఆమె ఆ నోటుబుక్కు వైపు ఆత్రంగా చూసింది.

"ఏం రాసినాడప్పా? నాకు సదువు రాదు. బిడ్డ ఆదివారం వస్తే సదివి సెబతాది. మిగిలిన పొద్దంతా ఈయన రాస్తానే ఉంటాడు, నేను సూస్తానే ఉంటాను."

చదివి చెప్పాను. ఆమె మొహం విప్పారింది. అప్పటి నుంచి ఆయన వరసగా రాస్తూ పోయాడు, నేను చదువుతూ పోయాను. దిండు కింద బ్యాంకు కాగితం ఉందని, ఆవును అమ్మొద్దని, మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని. వారం రోజులుగా పోగుపడిన మాటలు. ఆమె ఒక్కోదానికీ జవాబు చెబుతోంది, నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. నేను మధ్యలో కూర్చున్నాను.

"శానా మందగించినంక పోయినామప్పా. ముందే వచ్చింటే గడ్డకు రేడియేసను కరెంటు పెట్టి తగ్గించేవాళ్ళం, గొంతు కూడా నిలిసేది అన్యారు ఆడ. ఇప్పుడు లోపలికి కూడా పాకిందంట" అంది ఆమె. కాస్త ఆగి మళ్ళీ అందుకుంది. "నేను పోరుపెట్టినానప్పా, నెలల తరబడి. పోదాం రా, సూపించుకుందాం రా అని. ఇంటే గదా? 'నూరు కిలోమీటర్ల అవతల మదనపల్లెకు ఇనిపిస్తాండాది నా గొంతు, పొయ్యి కాడుండే నీకు ఇనపడదా, నీ సెవులు సూపించుకో' అని నగేవాడు. సర్చిలో పాట వేరేవాళ్ళకు ఇస్తామని పాస్టరయ్య అన్యా ఇదే మాట. పొద్దున్నే మదనపల్లెప్ప బాగుందన్యాడు, గంట మాదిరి ఉందన్యాడు అని. నువ్వట్ల అన్న పొద్దు ఇంటికొచ్చి తృప్తిగా కూర్చునేవాడు. దేవుడు నిన్ను సల్లగా సూడాలప్పా, ఆయనకు ధైర్యం సెప్పినోడివి నువ్వొక్కడివే."

నేను ఇన్నాళ్ళూ ఆయన గొంతును గమనించలేదనే అనుకున్నాను. అదే పెద్ద పాపమనుకుని, దాన్ని ఒప్పుకుందామని వచ్చాను. ఆయన తన గొంతును నా చెవితో చూసుకుంటున్నాడని నాకు తెలియదు. భార్య మాట కాదని, పాస్టరు మాట కాదని, తన ఒంటి మాట కూడా కాదని, నేను పెట్టిన డెసిబెల్ల మాట నమ్మాడు.

ఆమె చెబుతున్నంతసేపూ ఆయన నన్ను చూస్తున్నాడు. తర్వాత తల వంచుకుని చాలాసేపు రాశాడు. నోటుబుక్కు తిప్పి నా చేతికిచ్చాడు.

"రోజూ బాగుందంటివి. నిజంగానే ఇనిపించేదా, నా మనసు నొచ్చుకుంటాదని అట్లంటివా?"

"ఏం రాసినాడప్పా?" అని ఆమె అడిగింది.

"గెయిన్ పెంచినానన్నా" అనే జవాబు నా నాలిక చివర ఉంది. ఆమె నా మొహంలోకి ఎంత ప్రేమగా చూస్తోందంటే, నాకు ఏడుపొచ్చింది.

"లైను ఎట్లుండాదని అడగతాండాడు వదినా" అన్నాను.

ఆయన చెవులకు ఏ జబ్బూ లేదు. తను రాసింది ఒకటి, నేను చదివింది ఇంకోటి. ఆయన కొంచెంసేపు నన్నే చూశాడు. కోపంగా కాదు. పుంగనూరులో నేను పాత కోడింగు పెట్టిన రోజు ఫోనులో ఎలా ఆలోచించి ఉంటాడో అలా. తర్వాత నా చేతిలోంచి నోటుబుక్కు మెల్లగా తీసుకుని మూసేశాడు. పెన్ను జేబుకు తగిలించుకున్నాడు. నేను భోంచేసి బయలుదేరే దాకా మళ్ళీ తెరవలేదు.

రెండు నెలలకు ఆయన పోయాడు. మట్టి చేసేదానికి నేను పోలేదు, లైను పనుందని చెప్పాను. ఆమె ఇప్పటికీ నెలకోసారి ఫోను చేసి, అన్నం తిన్నావా, పిల్లలెట్లుండారు అని అడుగుతుంది. ఆమె చాలాసేపు మాట్లాడుతుంది, నేను ఊ కొడతాను. ఆమెకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను.